జత విడదీయకు: బెజవాడ షెడ్లలో పాత ఫోర్డు బండ్ల కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు పాత రోజుల సంగతులు ఏవైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. డిపోల గురించి, సమ్మెల గురించి, పెన్షను లెక్కల గురించి నాకంటే బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నేను 1966లో ఆర్టీసీలో చేరకముందు, బెజవాడలో ఒక మోటారు షెడ్డులో ఏడేళ్ళు నేర్చుకున్న పని గురించి రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. ఇన్నాళ్ళూ అది ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పలేదు.

ఈ మధ్య మా మనవడు పాత పెట్టె సర్దుతుంటే ఒక ఫోటో దొరికింది. షెడ్డు ముందు రెండు తలుపుల ఫోర్డు కూపే కారు నిలబడి ఉంది. 1940 మోడల్. దాని పక్కన నూనె చొక్కాతో నేను ఉన్నాను. “తాతయ్యా, ఇది వింటేజ్ కారేనా?” అని అడిగాడు. వాడే సెల్‌ఫోన్లో నిబంధనలు చదివి వినిపించాడు. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ ప్రకటించిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉండి, ఛాసిస్‌లో గానీ, బాడీలో గానీ, ఇంజనులో గానీ పెద్ద మార్పులు జరగని బండినే వింటేజ్ బండి అంటారు. “అయితే ఇది కాదురా, దీని ఇంజను ఫోర్డుది కాదు” అన్నాను. “మరి ఎందుకు మార్చారు?” అన్నాడు వాడు. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

ఫోర్డు వచ్చింది, వెళ్ళింది

ఫోర్డు కంపెనీ మన దేశంలో 1926లో సొంత సంస్థ పెట్టింది. కెనడా ఫోర్డు కర్మాగారం నుంచి విడి భాగాలు ఓడల్లో వచ్చేవి. వాటిని ఇక్కడ కూర్చి అమ్మేవారు. 1932లో వి-8 ఇంజను వచ్చింది. ఎనిమిది సిలిండర్లనూ ఒకే బ్లాకుగా పోతపోసి, మధ్యతరగతి ధరకు అమ్మిన మొదటి కంపెనీ అదే. డెల్టాలో జమీందార్లు, రైసుమిల్లుల యజమానులు, ప్లీడర్లు, డాక్టర్లు ఈ బండ్లు కొన్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వ ఆలోచన మారింది. విడి భాగాలు తెచ్చి కూర్చడం చాలదు, ఇక్కడే తయారు చేసే పథకం ఉండాలన్నారు. 1953లో టారిఫ్ కమిషన్ అదే సిఫారసు చేసింది. ఆ తరవాత కొద్దికాలానికే జనరల్ మోటార్స్, ఫోర్డు రెండూ తమ కూర్పు కర్మాగారాలు మూసుకుని వెళ్ళిపోయాయి. ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్ కంపెనీలు మిగిలాయి. దేశం దృష్టిలో అది మంచి నిర్ణయమే. దాని వల్లనే మన పరిశ్రమ నిలబడింది. కానీ అప్పటికే ఫోర్డు కొన్నవాడి గతి ఏమిటి? బండి ఉంది, భాగాలు లేవు. కొత్త బండి కావాలంటే ఏళ్ళ తరబడి వరసలో ఉండాలి.

అక్కడి నుంచి మా సాయిబుగారి లాంటివారి రోజులు వచ్చాయి.

సాయిబుగారి షెడ్డు

ఎస్.ఎస్.ఎల్.సి. తప్పాక 1959లో మా నాన్న నన్ను బందరు రోడ్డు వైపు ఒక షెడ్డులో చేర్చాడు. నాకు అప్పుడు పదిహేనేళ్ళు. తాటాకు పాక, మధ్యలో ఒక గొయ్యి, వేపచెట్టు కొమ్మకు చైను కప్పీ. అదే షెడ్డు. యజమానిని ఊరంతా ‘సాయిబుగారు’ అనే పిలిచేది. ఆయన యుద్ధకాలంలో మిలటరీ బండ్లకు పనిచేసి వచ్చిన మనిషి. ఇంగ్లీషు అక్షరాలు రావు గానీ అంకెలు మాత్రం బాగా తెలుసు. ప్రతి లెక్కా సుద్దముక్కతో గోడమీద వేసేవారు.

యుద్ధం అయ్యాక మిలటరీవాళ్ళు వేలం వేసిన జీపులు దేశమంతా పాకాయి. ఆ జీపు రూపకల్పన విల్లీస్ కంపెనీది అయినా, యుద్ధంలో ఫోర్డు కంపెనీ కూడా అదే నమూనాలో సుమారు 2 లక్షల 80 వేల జీపులు తయారు చేసింది. తరవాత మన దేశంలో మహీంద్రావారు జీపులు చేయడం మొదలుపెట్టారు. అంటే జీపు భాగాలకు కొదవ లేదు. ఇంకో అదృష్టం ఏమిటంటే, 1940 మోడల్ ఫోర్డు చక్రానికీ జీపు చక్రానికీ బోల్టులు అయిదే, వాటి వలయం అయిదున్నర అంగుళాలే. టైరు కొలత కూడా ఒకటే, 6.00-16. జీపు చక్రం ఫోర్డుకు వేసుకుని ఎంతమంది తిరిగారో లెక్కలేదు.

డాక్టరుగారి కూపే

1961 ఎండాకాలంలో ఉయ్యూరు అవతల ఒక ఊరి డాక్టరుగారు తన కూపేను ఎద్దులచేత లాగించుకుని తెచ్చారు. వి-8 బ్లాకు పగిలింది. ఆ ఇంజనులో ఒక జబ్బు ఉంది. కాలిన పొగ బయటికి పోయే దారులు బ్లాకు లోపలినుంచే, నీటి గదులను ఆనుకుని పోతాయి. ఆ వేడి అంతా నీళ్ళకు ఎక్కుతుంది. చల్లటి దేశంలో సరే, మన రోహిణి కార్తెలో రేడియేటరు ఒక్కరోజు ఎండితే చాలు, బ్లాకు చీలుతుంది. పోత ఇనుము అతుకు పెడితే నిలవదు. మద్రాసు దాకా కబురు పెట్టినా వేరే బ్లాకు దొరకలేదు.

“జీపు ఇంజను ఎక్కిద్దాం డాక్టర్ సాబ్” అన్నారు సాయిబుగారు.

వి-8 ఇంజను 221 ఘనపు అంగుళాలు, 85 గుర్రాల బలం. జీపు ఇంజను 134 ఘనపు అంగుళాలు, 60 గుర్రాల బలం. నాలుగే సిలిండర్లు గనక పెట్రోలు తక్కువ తాగుతుంది. డాక్టరుగారు అందుకు సంతోషించారు. కానీ జీపు గేరుబాక్సు వేయడానికి వీల్లేదు. ఎందుకంటే ఫోర్డులో ప్రొపెల్లర్ షాఫ్టు బయటికి కనపడదు, ఒక లావుపాటి ఉక్కు గొట్టంలో తిరుగుతుంది. చక్రాలు బండిని ముందుకు తోసే తోపుడంతా ఆ గొట్టం మీదుగా గేరుబాక్సు వెనక భాగానికి చేరుతుంది. వెనక కమాను కట్ట ఒక్కటే, అదీ అడ్డంగా ఉంటుంది. అది బరువు మోస్తుంది గానీ తోపుడు ఆపలేదు. కాబట్టి ఫోర్డు గేరుబాక్సు అలాగే ఉంచి, దానికీ జీపు ఇంజనుకూ మధ్య ఒక ఇనప పలక కోసి, లేతు మీద తిప్పించి బిగించాం. రెండు షాఫ్టులూ ఒకే గీతమీద నిలవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా క్లచ్చు అదురుతుంది. ఆ పలక ఒక్కటే నాలుగు రోజులు పట్టింది.

బండి కదిలింది. రోడ్డు మీద బాగానే పోయింది. కానీ పొలాల దారినుంచి కృష్ణ కరకట్ట ఎక్కేచోట ఆయాసపడి నిలబడిపోయింది.

తొమ్మిది పళ్ళ లెక్క

ఎందుకు నిలబడిందో చెప్పాలంటే వెనక ఇరుసు సంగతి చెప్పాలి. ఇరుసు మధ్య పెట్టెలో ఒక పెద్ద చక్రం, ఒక చిన్న చక్రం ఉంటాయి. పెద్దది క్రౌను, చిన్నది పీనియన్. సైకిలు తొక్కినవారందరికీ ఇది తెలిసిన విషయమే. వెనక పళ్ళచక్రం పెద్దదయితే వారధి ఎక్కడం సులువు, వేగం మాత్రం తగ్గుతుంది.

డాక్టరుగారి బండిలో క్రౌనుకు 34 పళ్ళు, పీనియన్‌కు 9. అంటే షాఫ్టు 3.78 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 85 గుర్రాల ఇంజనుకు కుదిర్చిన లెక్క అది. 60 గుర్రాలకు అది బరువు. ఫోర్డువాళ్ళే ఇంకో జత కూడా చేశారు. క్రౌనుకు 37, పీనియన్‌కు 9. అంటే 4.11. లాగే శక్తి సుమారు తొమ్మిది శాతం పెరుగుతుంది. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరిగేటప్పుడు మొదటి జతతో గంటకు 44 మైళ్ళు వెళ్ళే బండి, రెండో జతతో 40 మైళ్ళే వెళుతుంది. ఆనాటి డెల్టా రోడ్లమీద 40 మైళ్ళు వెళ్ళేవాడెవడు? కనక నష్టం లేదు.

మరి జీపు ఇరుసే మొత్తంగా ఎక్కించకూడదా అని నేను అడిగాను. సాయిబుగారు నా చేతికి టేపు ఇచ్చి కొలవమన్నారు. జీపు వెనక చక్రాల నడిమి దూరం 49 అంగుళాలు, ఫోర్డుది 58. పైగా జీపు ఇరుసు పెట్టె మధ్యలో ఉండదు, కుడివైపుకు జరిగి ఉంటుంది. బోల్టులు కలిసినంత మాత్రాన ఇరుసు కలవదు.

అందుకని పాత ఇనప కొట్లన్నీ తిరిగి 37-9 పళ్ళున్న ఫోర్డు ఇరుసులు రెండు తెచ్చాం. రెండూ తుక్కువే. ఒకదాంట్లో క్రౌను పళ్ళు గుంటలు పడ్డాయి, పీనియన్ నిగనిగలాడుతోంది. రెండోదాంట్లో క్రౌను బాగుంది, పీనియన్ పన్ను ఒకటి పెచ్చు ఊడింది.

నేను చేసిన పని

సాయిబుగారు బంధువుల ఇంట పెళ్ళికి గుడివాడ వెళుతూ, “నేనొచ్చేదాకా కిరసనాయిల్లో కడిగి ఉంచు, బిగించకు” అన్నారు. మర్నాడు డాక్టరుగారు వచ్చి, బండి లేక చేతులు విరిగినట్టుందన్నారు. నాకు పదిహేడేళ్ళు. పని వచ్చేసిందన్న గర్వం. రెండు ఇరుసుల సామానూ ఒకే తొట్టిలో కడిగాను. మంచి క్రౌను తీసుకున్నాను, మంచి పీనియన్ తీసుకున్నాను. రెండిటికీ పళ్ళ లెక్క సరిపోయింది. బిగించాను. ప్రతి క్రౌను మీదా, ప్రతి పీనియన్ మీదా సన్నగా చెక్కిన నంబరు ఒకటి ఉంది. అది కంపెనీ వరస నంబరు కాబోలు అనుకున్నాను.

అది వరస నంబరు కాదు, జత నంబరు. క్రౌను, పీనియన్ కర్మాగారంలో ఒకదానితో ఒకటి తిప్పి, పన్నూ పన్నూ ఒరుసుకునేలా అరగదీసి, ఒకే నంబరు వేసి పంపుతారు. ఆ తరవాత రెండూ కలిసే వేల మైళ్ళు అరుగుతాయి. ఒకదాని అరుగుదల రెండోదానికే సరిపోతుంది.

సాయిబుగారు తిరిగి వచ్చేసరికి బండి వెళ్ళిపోయింది. “జత చూశావా?” అని అడిగారు. “చూశానండీ” అన్నాను. అబద్ధమాడాను.

బండి ఈల వేయడం మొదలుపెట్టింది. పెట్రోలు తొక్కితే ఒక మూలుగు, వదిలితే ఇంకో మూలుగు. “ఏమిటోయ్ ఈ చప్పుడు?” అని డాక్టరుగారు నన్నే అడిగారు. “కొత్తగా వేశాం కదండీ, అరిగితే సర్దుకుంటుంది” అన్నాను. మూడు వారాలు గడిచాయి.

వానాకాలం మొదట్లో ఒక రాత్రి కరకట్ట మీద, తోట్లవల్లూరు దరిదాపుల్లో, పీనియన్ పళ్ళు విరిగి వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. డాక్టరుగారు ఒక పురిటి కేసుకు వెళుతున్నారు. వానలో కొంతదూరం నడిచి, తరవాత ఎడ్లబండి దొరికి, తెల్లవారుతుండగా ఆ ఊరు చేరారు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

ఈ సంగతి ఆయనే మూడోనాడు బస్సులో వచ్చి చెప్పారు. ఎవరినీ ఏమీ అనలేదు. ముందే చేరి ఉంటే ఏమయ్యేదో ఆయన అనలేదు, నేను అడగలేదు. “బండి ఎప్పటికి ఇస్తారు?” అని మాత్రం అడిగి వెళ్ళారు.

సాయిబుగారు ఇరుసు పెట్టె విప్పారు. విరిగిన పళ్ళు నూనెలోంచి ఏరి గోనెపట్టా మీద పేర్చారు. క్రౌను మీది నంబరూ, పీనియన్ మీది నంబరూ గుడ్డతో తుడిచి చూశారు. కొడతారనుకున్నాను. కొట్టలేదు. “అరే అబ్బాయ్, ఇవి రెండూ మంచివే. జత కాదు, అంతే” అన్నారు. కాసేపటికి, “నేనడిగినప్పుడు చెప్పి ఉంటే ఆ రోజే విప్పేవాళ్ళం” అన్నారు. ఆ రెండో మాట ఈనాటికీ చెవిలో ఉంది.

ఆయన ఏలూరు వెళ్ళి, వారం తిరిగి ఇంకో 37-9 జత తెచ్చారు. చూడ్డానికి అరిగిన సామాను. కానీ రెండిటి మీదా నంబరు ఒకటే. ఈసారి నాచేతే బిగించమన్నారు. సింధూరం నూనెలో కలిపి క్రౌను పళ్ళకు పూసి, చేత్తో తిప్పించారు. పీనియన్ తగిలినచోట రంగు చెరిగి గుర్తు పడుతుంది. ఆ గుర్తు పన్ను మధ్యలో పడాలి. చివర పడితే విరుగుతుంది, మొదట్లో పడితే అరుస్తుంది. రేకు బిళ్ళలు తీసి, వేసి, మళ్ళీ తీసి, పొద్దున మొదలుపెట్టింది దీపాలు పెట్టేవేళకు కుదిరింది. ఆ బండి 1974లో డాక్టరుగారు అమ్మేవరకూ ఆ జతతోనే తిరిగింది.

డీజిలు, ఆటోనగర్, ఆర్టీసీ

ఆ రోజుల్లోనే లారీలకు డీజిలు ఇంజన్లు ఎక్కించే పని జోరుగా సాగింది. మద్రాసులో సింప్సన్ కంపెనీవారు 1950లలో పెర్కిన్స్ ఇంజన్ల తయారీ మొదలుపెట్టారు. పాత ఫోర్డు, షెవర్లే, ఫార్గో లారీల పెట్రోలు ఇంజను దించి పెర్కిన్స్ పి-6 ఎక్కించేవారు. అక్కడా ఇదే లెక్క, కానీ తిరగేసి. పెట్రోలు ఇంజను నిమిషానికి 3,800 చుట్ల దాకా పోతుంది. పి-6 గరిష్ఠం 2,400. ఇరుసు మార్చకుండా ఇంజను మాత్రం మారిస్తే లారీ గరిష్ఠ వేగం మూడోవంతుకు పైగా పడిపోతుంది. ఖర్చు తగ్గిందని సంతోషించిన యజమాని, రాజమండ్రి పోవడానికి పట్టే వేళ చూసి మళ్ళీ షెడ్డుకు వచ్చేవాడు. ఇంజనూ ఇరుసూ కూడా జతే అని ఆయనకు అప్పుడు తెలిసేది.

1958 జనవరి 11న ఆర్టీసీ ఏర్పడింది. కృష్ణా జిల్లాలో బస్సుల జాతీయకరణ పథకం మీద ప్రైవేటు బస్సు యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసుగా లా విద్యార్థులు చదివేది దాన్నే. అభ్యంతరాలు విన్నవారు ఒకరు, నిర్ణయం చేసినవారు ఇంకొకరు అయితే అది విచారణ కాదని 1958 నవంబరులో కోర్టు చెప్పింది. మళ్ళీ విచారణ జరిగి, 1959లో వచ్చిన తీర్పుతో పథకం నిలబడింది. మా షెడ్డుకు ప్రైవేటు బస్సుల పని క్రమంగా తగ్గింది. 1960లలో పటమట దగ్గర జవహర్ ఆటోనగర్ ఏర్పడి, ఊళ్ళో రోడ్ల పక్కన ఉన్న షెడ్లు అక్కడికి తరలాయి. నేను 1966లో ఆర్టీసీ వర్క్‌షాపులో చేరాను.

మన వర్క్‌షాపులో కొత్త సామాను వచ్చేది, కొలతల పుస్తకాలు ఉండేవి. అయినా 2002లో రిటైరయ్యేదాకా నా చేతిమీదుగా వెళ్ళిన ప్రతి డిఫరెన్షియల్‌కూ జత నంబరు చూడకుండా సంతకం పెట్టలేదు. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు వెనక నన్ను ‘జత నంబరు’ అని పిలుచుకునేవారని తరవాత తెలిసింది. పిలవనీ. తప్పు చేసినవాడిని నేనెప్పుడూ తిట్టలేదు. చేసిన తప్పు ఆ పూటే చెప్పమని మాత్రం గట్టిగా అడిగేవాణ్ణి.

మనవడికి చెప్పిన జవాబు

ఫోర్డు కంపెనీ 1990లలో మళ్ళీ మన దేశానికి వచ్చింది. 2021 సెప్టెంబరులో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. వింటేజ్ నిబంధనలు వచ్చిందీ ఆ ఏడే. నిబంధనతో నాకు పేచీ లేదు. అసలు రూపంలో దాచిన బండికి ఒక గుర్తింపు ఉండాల్సిందే. కానీ అలా దాచగలిగింది ఎవరు? నీడన నిలబెట్టి, కప్పు కప్పి ఉంచగలిగినవారు. రాత్రీపగలూ డెల్టా గట్లమీద రోగుల కోసం తిరిగిన బండి అసలు రూపంలో ఎలా మిగులుతుంది? దాని అసలు భాగాలు అరిగిపోయాయి గనకే అది ఇంకో పదమూడేళ్ళు తిరగగలిగింది. దాని చరిత్ర మారిన భాగాల్లోనే ఉంది.

ఆ చరిత్రకు మిగిలిన కాగితం ఒక్కటే, ఆర్.సి. పుస్తకం. 1939 మోటారు వాహనాల చట్టం ప్రకారం బండిలో మార్పు చేస్తే రిజిస్ట్రేషను అధికారికి తెలియపరచాలి. డాక్టరుగారి పుస్తకంలో ఫోర్డు అన్న పేరు కింద పాత ఇంజను నంబరు కొట్టేసి, జీపు ఇంజను నంబరు ఎర్రసిరాతో రాసి, ముద్ర వేశారు. ఇరుసు సంగతి అందులో లేదు. సాయిబుగారి పేరు అసలే లేదు.

అందుకని మిత్రులకు ఒక మనవి. మీ ఇళ్ళల్లో పాత ఆర్.సి. పుస్తకాలు, షెడ్డు రసీదులు, బండ్ల ఫోటోలు ఉంటే తుక్కులో వేయకండి. వెనకవైపున ఏ భాగం ఎప్పుడు మార్చారో, ఎవరు మార్చారో పెన్సిలుతోనైనా రాసిపెట్టండి. నేను ఆ ఫోటో వెనక రాశాను. ఇంజను జీపుది, 1961. క్రౌను పీనియన్ ఏలూరు నుంచి తెచ్చిన జత, అదే సంవత్సరం. మొదటి జత తప్పు బిగించింది నేను. రెండోది నాచేత సరిగా బిగించింది సాయిబుగారు.

మా మనవడు అది చదివి, ఫోటో మళ్ళీ పెట్టెలో పెట్టలేదు. గోడకు తగిలించాడు.